కథలో అసలు సంగతి చివరి దాకా దాచడం తప్పా?

కొత్త కలం
ఆరు నెలలు కూర్చుని ఒక కథ రాసి పోటీకి పంపాను. తిరిగొచ్చింది. పోటీ పెట్టిన వాళ్ళలో ఒకాయన ఫోన్లో ఒకే మాట అన్నారు: "చివరి వాక్యం కోసం పన్నెండు పేజీలు మోయించారమ్మా."

కథ ఇది. తెనాలిలో ఒక ముసలి టైలరు. పొద్దున్నే కొట్టు తీస్తాడు, మిషన్‌కి నూనె వేస్తాడు, జాకెట్లు కుడతాడు, వచ్చిన వాళ్ళతో పరాచికాలాడతాడు. భార్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంటుంది. పన్నెండు పేజీలూ ఇదే. చివర్లో కొట్టు కట్టేసే వేళకి ఆయన "ఎర్ర దారం ఏది లక్ష్మీ?" అంటాడు. ఎర్ర దారం ఆయన చేతిలోనే ఉంటుంది. అప్పుడు తెలుస్తుంది, ఆయనకి చూపు పోయిందని, ఇన్నాళ్ళూ రంగులు చెప్పిందీ సూదిలో దారం ఎక్కించిందీ ఆవిడేనని.

రాస్తుంటే నాకే కళ్ళు తడిశాయి. మా తమ్ముడు చదివి "ఓహో" అన్నాడు. అంతే.

మన సినిమాల్లో హీరో ఎవరో ఇంటర్వెల్ దాకా చెప్పరు. జనం ఈలలు వేస్తారు. అదే నేను దాస్తే మోయించడమా?

బెంచీ టికెట్
ఓహో దక్కింది, సంతోషించండి. నా కథ చదివి మా ఆవిడ "గ్యాస్ బుక్ చేశారా" అంది.

మూడో వరుస
సినిమా వాళ్ళు దాచేది వేరు, మీరు దాచింది వేరు. అసలు వాళ్ళు దాస్తున్నారని ఎవరన్నారు?

బాషా (1995)లో ఆటో డ్రైవరు. ఇంద్ర (2002)లో కాశీలో టాక్సీ డ్రైవరు. హాల్లో కూర్చున్న ఒక్కడైనా "పాపం డ్రైవరు" అనుకున్నాడా? పోస్టర్ మీద బొమ్మ చూసి టికెట్ కొన్నప్పుడే తెలుసు, ఇతనికి వెనకాల పెద్ద కథ ఉందని. బాషాలో హీరోని స్తంభానికి కట్టేసి కొడుతుంటే నవ్వుతూ నిలబడతాడు. మనకి జాలి కలిగేది కొట్టేవాడి మీద. వీడికి ఎప్పుడు తెలుస్తుందా అని చూస్తూ కూర్చుంటాం. తెలియనిది తెరమీద ఉన్న వాళ్ళకే, మనకి కాదు.

మీ టైలరు పోస్టర్ మీద లేడు కదా. ఆయన దగ్గర దాపరికం ఉందనే మాకు తెలియదు. తెలియనప్పుడు ఎదురుచూసేది దేనికి?

కొత్త కలం
@మూడో వరుస ఇది ఆలోచించలేదు. కానీ చెప్పేస్తే ఇంక కథలో ఏం మిగులుతుంది?

ఓరుగల్లు శ్రీను
మా దిక్కు కొమురవెల్లి జాతరకు రండి ఓసారి. ఒగ్గుకథల మల్లన్న కథ నేను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు. మా నాయనమ్మకైతే పాటతో సహా కంఠతా. అయినా మల్లన్న భార్య మేడలమ్మ ఘట్టం వచ్చిందంటే కొంగు నోట్ల కుక్కుకుంటది. ఏమైతదో తెలుసు. తెలిసే ఏడుస్తది.

పాత చందమామ
శ్రీను గారు చెప్పింది మాయాబజార్‌కీ వర్తిస్తుంది. 1957లో వచ్చింది, ఇప్పటికీ టీవీలో వేస్తే ఛానల్ మార్చం. అందులో మాయ శశిరేఖ ఘటోత్కచుడేనని మనకి ముందే చూపించారు. అలా మారడం మన కళ్ళ ముందే జరుగుతుంది. ఇప్పుడు దాన్ని తిరగేసి చూడండి. మనకి చెప్పకుండా, పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురు లక్ష్మణకుమారుడి కాలు తొక్కితే రేలంగి ఎందుకు అదిరిపడ్డాడో అర్థం కాదు. తర్వాత "ఆమె ఘటోత్కచుడు" అని చెబితే, మళ్ళీ అదే, ఓహో.

సావిత్రి ముఖం ఆడపిల్లది, చూపు రంగారావుది. ఆ చూపు మనకి తెలుస్తుంది, కౌరవులకి తెలియదు. సినిమా సగం నవ్వు అక్కడే ఉంది.

బెంచీ టికెట్
పైగా ఆ సినిమాలో పాండవులు ఒక్క సీన్లో కూడా కనపడరు. అంత పెద్ద స్టార్ కాస్ట్‌లో ఐదుగురి పారితోషికం మిగిలింది. ప్రొడక్షన్ వాళ్ళకి ఇదీ పాఠమే.

నల్ల కళ్ళజోడు
అందరూ ఒకే పాట పాడుతున్నారు. నేను ఒప్పుకోను. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని, అట్ట ఊడిపోయినవి కూడా చదివినవాణ్ణి. ఓసారి చివరి రెండు పేజీలు చిరిగిపోయిన పుస్తకం ఇచ్చాడు అద్దె కొట్టువాడు. హంతకుడెవరో తెలియక వారం రోజులు నిద్రపట్టలేదు. అన్నీ ముందే చెప్పేస్తే అసలు చదవడం ఎందుకు?

సినిమాలే కావాలంటే కేరాఫ్ కంచరపాలెం (2018). చివరి దాకా దాచారు. చూడని వాళ్ళ కోసం ఏమిటో చెప్పను. ఆ సంగతి తెలిసిన క్షణం హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన "అమ్మ నీ" అని గట్టిగా అన్నాడు. నాకు ఇప్పటికీ వినపడుతోంది.

బెంచీ టికెట్
అందులో ఆ నలుగురు

బెంచీ టికెట్
సరే సరే, చెప్పను. వేలు జారింది.

నల్ల కళ్ళజోడు
@బెంచీ టికెట్ మీ ఐడీ గుర్తుపెట్టుకున్నాను.

ఎడిటింగ్ రూమ్
సస్పెన్స్ సినిమాల డైరెక్టరు హిచ్‌కాక్ ఫ్రెంచి డైరెక్టరు ట్రూఫోకి చెప్పిన బల్ల కింద బాంబు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి ఇంకా? ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. జనం పదిహేను సెకన్లు ఉలిక్కిపడతారు. అదే బాంబు ఎవరో పెట్టడం జనానికి ముందే చూపించి, గడియారం కూడా చూపించి, ఆ ఇద్దరి చేత అవే కబుర్లు చెప్పిస్తే పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. కబుర్లు ఒక్క ముక్క మారలేదు.

ఆయన మాట వరసకి చెప్పి ఊరుకోలేదు. వెర్టిగో (1958)కి మూలమైన ఫ్రెంచి నవలలో గుట్టు చివర్లో విప్పుతారు. ఆయన సినిమాలో ఇంకా బోలెడంత కథ ఉండగానే మనకి విప్పేశాడు. అక్కడి నుంచి "ఆ అమ్మాయి ఎవరు" అన్న ప్రశ్న పోయి, "ఇతనికి తెలిస్తే ఏం చేస్తాడో" అన్నది పట్టుకుంటుంది.

నా పని ఎడిటింగ్. షార్ట్ ఫిలిం కుర్రాళ్ళు పదిమంది వస్తే ఎనిమిది మందిది ఒకటే కథ: చివర్లో వాడు చచ్చిపోయాడని, లేదా అంతా కలని, లేదా ఫోన్లో మాట్లాడేది తనతోనేనని. ట్విస్ట్ బాగానే ఉంటుంది. దాని ముందున్న పన్నెండు నిమిషాల్లో కత్తిరించడానికి తప్ప ఏమీ ఉండదు. కళ్ళజోడు గారూ, మీ కంచరపాలెంలో ఆఖరి ముడి తీసేసినా ఆ ప్రేమకథలు దేనికది నిలబడతాయి. తేడా అక్కడుంది.

సీరియల్ బాధితుడు
ప్రేక్షకులకి తెలిసి పాత్రకి తెలియకపోతే టెన్షన్ అంటున్నారు కదా. మా ఇంట్లో ఆ టెన్షన్ ఐదేళ్ళు నడిచింది. కార్తీక దీపం. దీప ఏ తప్పూ చేయలేదని మా వీధి వీధంతటికీ తెలుసు. తెలియనిది డాక్టర్ బాబుకి. అయ్యా, ఆయన డాక్టరు! ఒక్క డీఎన్‌ఏ టెస్టు. మా అమ్మ రోజూ ఏడున్నరకి టీవీకి ఎదురుగా కూర్చుని "చేయించు నాయనా, చేయించు" అని బతిమాలేది. పక్కింటావిడైతే శాంపిల్ తను ఇస్తానంది.

మూడో వరుస
😂 బాంబు పెట్టారు, చూపించారు, అంతా సరిగ్గానే చేశారు. గడియారం ముల్లు ఆపేశారు.

సీరియల్ బాధితుడు
ముల్లు ఆపలేదు సార్. ముల్లు తిరగబోతుంటే ఆరు కోణాల్లోంచి ఆరుసార్లు చూపించి "తరువాయి భాగం" వేశారు.

డల్లాస్ నుంచి
ఇక్కడ రాత్రి రెండయింది, అయినా ఇది రాయకపోతే నిద్రపట్టదు. అతడు (2005)లో రెండు రకాలూ ఉన్నాయి. ఆ ఇంటికి వచ్చినవాడు పార్థు కాదని మనకి తెలుసు, ఇంట్లో వాళ్ళకి తెలియదు. అందుకే ఇంట్లో వాళ్ళు అన్నం పెట్టినా, మరదలు అల్లరి చేసినా మన గుండెల్లో ఏదో కలుక్కుమంటుంది. ఇక శివారెడ్డిని కాల్చింది ఎవరు అన్నది చివర్లో గానీ చెప్పరు.

ఇప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, ఇరవై ఏళ్ళుగా ఆ సినిమాని టీవీలో మళ్ళీ మళ్ళీ చూస్తున్నది దేని కోసం? కాల్చింది ఎవరో తెలుసుకోవడానికైతే కాదు కదా.

నల్ల కళ్ళజోడు
మళ్ళీ మళ్ళీ చూడటమే కొలత అయితే నేను ఓడిపోయినట్టే. కానీ మొదటిసారి చూడటం అనేది కూడా ఒకటి ఉంటుంది. దాన్ని తక్కువ చేయకండి.

ఇంకో దెబ్బ. గురజాడ దిద్దుబాటు, 1910. అది ఎలా ముగుస్తుంది? భార్య పుట్టింటికి వెళ్ళిపోయిందనుకుని గోపాలరావు కుమిలిపోతుంటాడు. ఆవిడ మంచం కింద ఉంది. చివర్లో నవ్వు వినపడుతుంది. మన కథల తాతమ్మకే చివర ట్విస్ట్ ఉంది. దానికేమంటారు?

పాత చందమామ
మంచి దెబ్బే. కానీ మంచం కింద ఎవరూ లేరనుకుని ఒకసారి చదవండి. అర్ధరాత్రి ఇంటికొచ్చిన మొగుడు, ఖాళీ ఇల్లు, నౌకరు మీద కోపం, ఉత్తరం చదవడం, తప్పు తెలుసుకోవడం. కథ పూర్తయిపోయింది. ఆ నవ్వు దాని మీద పోపు. ఎడిటింగ్ రూమ్ గారు కంచరపాలెం గురించి అన్నదే ఇదీ.

ఇంకొకటి. దాచేదేదో దాచాలనుకుంటే "ఏం జరిగింది" అన్నది దాచకండి, "ఎందుకు" అన్నది దాచండి. చందమామలో బేతాళ కథలు దశాబ్దాల పాటు వచ్చాయి. సంస్కృతంలో ఉన్నవి పాతిక. అవి అయిపోయాక మన వాళ్ళు కొత్తవి అల్లుకుంటూ పోయారు. ప్రతి దాంట్లోనూ బేతాళుడు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసి, చివర్లో అడిగేది మాత్రం ఎందుకలా చేశాడు అని. తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలు. మా నాన్న చదివి వినిపిస్తూ సరిగ్గా అక్కడ ఆపేవాడు. జవాబు మేము చెప్పాలి. చెప్పలేకపోతే మా చెల్లెలు తల పట్టుకుని చూసుకునేది.

మూడో వరుస
కట్టప్ప! ఇన్ని పోస్టులు వచ్చినా ఎవరూ అనలేదు. మొదటి బాహుబలి ఆఖర్న చంపింది ఎవరో చూపించేశారు. దాచింది ఎందుకు అన్నది ఒక్కటే. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశం మొత్తం దాని మీదే బతికింది. "బాహుబలిని ఎవరు చంపారు" అని వదిలేసి ఉంటే నెలకే మర్చిపోయేవాళ్ళం.

బెంచీ టికెట్
మా ఆఫీసులో అప్రైజల్ అప్పుడు మేనేజర్ "ఏమైనా డౌట్లు ఉన్నాయా" అంటే కట్టప్ప ప్రశ్న అడిగిన మహానుభావుడు ఒకడున్నాడు. ఆ ఏడు హైక్ రాలేదు. ఎందుకో మాత్రం తెలిసింది.

అత్తిలి అమ్మాయి
మా నాన్న టైలరు. ముప్పై ఏళ్ళకి పైగా మిషన్ తొక్కాడు. అందుకే మొదటి పోస్టు చదివినప్పటి నుంచి ఒకటి కొరుకుతోంది. కొత్త కలం గారూ, మీ కథలో కటింగ్ ఎవరు చేస్తున్నారు?

కుట్టడం సరే. చూపు తగ్గినా వేలి కొసలతో గుడ్డ నడుపుకుంటూ నెట్టుకురావచ్చు, నేను చూశాను. కానీ గుడ్డ పరిచి, చాక్‌తో గీసి, చంక దగ్గర వంపు తిప్పి కత్తెర వేయడం కళ్ళు లేకుండా అవదు. అర అంగుళం తేడా వస్తే పట్టుచీర జాకెట్టు ముక్క పాడైనట్టే, మళ్ళీ తేలేరు. ఆవిడ స్టూలు మీద ఊరికే కూర్చుంటే ఆ కొట్టు నెల కూడా నడవదు.

కొత్త కలం
...అయ్యో. ఇది నాకు తట్టనే లేదు.

ఎడిటింగ్ రూమ్
తట్టకపోవడానికి కారణం కూడా దాపరికమే. చివరి దాకా చెప్పకూడదు అని పెట్టుకున్నారు కాబట్టి ఆయన పని చేస్తుండగా దగ్గరికి వెళ్ళి చూడలేకపోయారు. చూస్తే గుట్టు బయటపడుతుంది. అందుకే పరాచికాలతో పేజీలు నింపారు.

మూడో వరుస
మొదటి పేజీలోనే చెప్పేయండి. తర్వాత ఆ కొట్లోకి ఒక పెళ్ళి ఆర్డర్ పంపండి. ఐదు జాకెట్లు, నాలుగు రోజులు. బాంబు పెట్టినట్టే.

అత్తిలి అమ్మాయి
బాంబు ఎక్కడ పెట్టాలో నేను చెప్తా. బాబిన్లో.

మిషన్‌కి దారం రెండు చోట్ల ఉంటుంది. పైన రీలు, కింద ప్లేటు లోపల బాబిన్. పై దారం భార్య చూసి పెడుతుంది. బాబిన్ లోపల ఉంటుంది కాబట్టి, హడావిడిలో నిన్నటి పచ్చ దారం మార్చడం మర్చిపోయిందనుకోండి. ఎర్ర జాకెట్టు పైకి బ్రహ్మాండంగా కనపడుతుంది, తిరగేస్తే కుట్టంతా పచ్చగా ఉంటుంది.

ఇక ఆడవాళ్ళు జాకెట్టు చేతికి రాగానే మొట్టమొదట చేసే పని తిరగేయడమే. లోపల గుడ్డ ఎంత వదిలాడో చూసుకోవాలి కదా, రేపు ఒళ్ళు చేస్తే కుట్టు విప్పుకోవడానికి.

సీరియల్ బాధితుడు
చదువుతుంటేనే నాకు చెమట పడుతోంది. కవరు తెరవకమ్మా తల్లీ, ఇంటికెళ్ళి చూసుకో.

ఓరుగల్లు శ్రీను
గదే మరి. ఇంతకు ముందు ఆ పెళ్ళిపిల్ల ఎవరో, జాకెట్టు ఎవరిదో మనకు లెక్క లేకుండె. ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఆపబుద్ధి అయితుంది.

కొత్త కలం
రాత్రంతా కూర్చుని మొదలు మార్చాను. తిట్టండి.

"ఆయనకి రంగులు పోయి రెండేళ్ళయింది. ముందు నీలం పోయింది, తర్వాత పచ్చ. ఎరుపు చాలా రోజులు నిలబడింది. ఊళ్ళో ఈ సంగతి లక్ష్మికి తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున్నే కొట్టు తీశాక ఆవిడ రీళ్ళన్నీ వరసగా పేర్చి, ఎడమ నుంచి ఒక్కొక్కదాని మీద ఆయన వేలు పెట్టించి పేరు చెబుతుంది. ఆయన బడిపిల్లాడిలా అప్పజెబుతాడు. ఆ రోజు ఐదో రీలు దగ్గర ఉండగా గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. 'పెళ్ళి జాకెట్లండీ, గురువారానికి కావాలి' అంది ఎవరో."

పాత చందమామ
"ఎరుపు చాలా రోజులు నిలబడింది" బాగుంది. "బడిపిల్లాడిలా" తీసేయండి, అప్పజెబుతాడు అన్నాక అదెందుకు?

నల్ల కళ్ళజోడు
ఒప్పుకోక తప్పట్లేదు, రెండో పేజీ ఎక్కడ? కానీ చివరికి నాకు ఏదో ఒకటి దాచిపెట్టండి. అన్నీ ముందే ఇచ్చేస్తే నాలాంటివాడు ఏమైపోవాలి?

మూడో వరుస
దాచడానికి ఒకటుంది. రాత్రి ఆయన పడుకున్నాక ఆవిడ మళ్ళీ కొట్టుకి వచ్చి, ఆయన కుట్టిందంతా విప్పి తిరిగి కుడుతోంది. అది ఆయనకి తెలియదు.

ఎడిటింగ్ రూమ్
లేదా తెలుసు. తెలుసన్న సంగతి ఆవిడకి తెలియదు.

బెంచీ టికెట్
లేదా ఆయనకి తెలుసని ఆవిడకి తెలుసు, కానీ... ఆగండి, కాగితం తెచ్చుకుంటా.

అత్తిలి అమ్మాయి
చెప్పాలా వద్దా అని పొద్దుటి నుంచి అనుకుంటున్నా.

మా నాన్నకి శుక్లాలు ముదిరాక మా అమ్మ నిజంగానే అలా చేసేది. మేం పడుకున్నాక కొట్టుకి వెళ్ళి కాజాలు, చేతుల అంచులు విప్పి మళ్ళీ కుట్టి వచ్చేది. కొట్టు ఇంటి ముందు గదే కాబట్టి చప్పుడు కాకుండా చక్రం చేత్తో తిప్పేది. ఆయనకి తెలియదనే అనుకున్నాం అందరం.

ఆపరేషన్ అయ్యాక చాన్నాళ్ళకి ఓ రోజు ఆయనే నాతో అన్నాడు. టైలర్లు రాత్రి మిషన్ ఆపేటప్పుడు పాదం కింద ఒక గుడ్డముక్క పెట్టి దించుతారు. ఆయన సిల్కు ముక్క పెట్టి వచ్చేవాడట. పొద్దున్న వేలితో తడిమితే కాటన్ ఉండేదట. "మీ అమ్మ ముక్క చూసుకోదే" అన్నాడు. ఆవిడకి మాత్రం చెప్పలేదు.

నల్ల కళ్ళజోడు
ఇది మొదటి పేజీలో చెప్పారంటే మాత్రం నేను ఊరుకోను.

కొత్త కలం
@అత్తిలి అమ్మాయి ఆ గుడ్డముక్క నేను వాడుకోవచ్చా? మీరు కాదంటే వదిలేస్తాను, నిజంగా.

అత్తిలి అమ్మాయి
వాడుకోండి. పేరు మాత్రం లక్ష్మి వద్దు. మా అమ్మ పేరు అదే, వారపత్రిక వదలకుండా చదువుతుంది.